పాత బేస్‌బాల్ కార్డు ట్రిమ్ చేశారో లేదో ఎలా చూడాలి

(న్యూజెర్సీలో కార్డులు సేకరించే తెలుగు కుటుంబాల కోసం ఒక లైబ్రరీ హాల్లో ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది, మాట్లాడిన ధోరణి పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి రండి. ఇవాళ చూపించేవన్నీ మిల్లీమీటరు లోపు సంగతులు, అక్కణ్ణుంచి మీకు నా చేతులు తప్ప ఏమీ కనబడవు. పిల్లలూ, మీరు ఈ బల్ల చుట్టూ నిలబడినా పర్వాలేదు, కార్డుల మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు, జ్యూస్ డబ్బాలు అవతల పెట్టి రండి.

మన ఇళ్ళల్లో జరిగేది నాకు తెలుసు. పిల్లాడు స్కూల్లో కార్డులు మార్చుకోవడం మొదలుపెడతాడు, మొదట్లో ‘ఇవేం కాగితం ముక్కలురా’ అని విసుక్కున్న నాన్నగారు ఆరు నెలలకి వాడికంటే ఎక్కువ పిచ్చిలో పడిపోతారు. (నవ్వులు) మనలో చాలామంది చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెట్ బొమ్మలు దాచుకున్నవాళ్ళమే కాబట్టి ఇది రక్తంలో ఉన్న జబ్బే. కొత్త కార్డులతో ఆగితే ఇబ్బంది లేదు. పాతవాటిలోకి దిగినప్పుడే, అంటే వందేళ్ళనాటి సిగరెట్ పెట్టెల కార్డులు, 1950ల నాటి టాప్స్, బౌమన్ కంపెనీల కార్డులు కొనడం మొదలుపెట్టినప్పుడే, ఈ ట్రిమ్మింగ్ గొడవ ఎదురవుతుంది.

ట్రిమ్మింగ్ అంటే పెద్ద రహస్యమేం కాదు. కార్డు అంచు నలిగిపోయింది, మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. ఎవరో ఒకరు స్టీలు స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో ఆ అంచుని వెంట్రుకవాసి మేర కోసేస్తారు. అరిగిన భాగం పోతుంది, లోపలి నుంచి పదునైన మూల బయటపడుతుంది. ఇంకో రకం కూడా ఉంది, కార్డు బాగానే ఉంటుంది కానీ బొమ్మ ఒక పక్కకి జరిగి ఉంటుంది, ఒకవైపు తెల్ల బోర్డర్ వెడల్పు, ఇంకోవైపు సన్నం, అప్పుడు వెడల్పుగా ఉన్నవైపు కాస్త కోస్తే బొమ్మ మధ్యకి వచ్చినట్టు కనిపిస్తుంది.

ఎందుకు చేస్తారంటే డబ్బు కోసం, అంతకు మించి కారణం వెతకక్కర్లేదు. బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ 1952 టాప్స్ కార్డు తీసుకోండి. 2022 ఆగస్టులో 9.5 గ్రేడ్, అంటే శుభ్రతకి పదికి తొమ్మిదిన్నర మార్కులు, ఉన్న కార్డు 1 కోటీ 26 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. అదే కార్డు, అదే బొమ్మ, మూలలు అరిగి మడతలు పడి ఉంటే కొన్ని పదుల వేల డాలర్లకి దొరుకుతుంది. రెండూ నిజమైనవే, రెండూ ఒకే ఫ్యాక్టరీలోంచి వచ్చినవే, తేడా అంతా మూలల్లోనూ అంచుల్లోనూ ఉంది. అంత డబ్బు అంత సన్నటి అంచు మీద ఆధారపడి ఉంటే బ్లేడు పట్టుకునేవాడు పుట్టకుండా ఎలా ఉంటాడు చెప్పండి.

ఇక హోనస్ వాగ్నర్ కథ. ఇది తెలియకుండా ఈ విషయం మాట్లాడటం కుదరదు, అందుకని కొంచెం తీరిగ్గా చెప్తాను.

1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో వేసిన కార్డుల సెట్టుని ఇప్పుడు టీ206 అంటాం. అందులో పిట్స్‌బర్గ్ ఆటగాడు వాగ్నర్ కార్డు తొందరగా ఆపేశారు, ఎందుకు ఆపించాడన్నదాని మీద రకరకాల కథలున్నాయి, వాటి జోలికి ఇప్పుడు వెళ్ళను. ఇవాళ లోకంలో 50, 60 మధ్య ఉన్నాయంటారు. వాటిల్లో ఒకటి మిగతావాటికంటే ఎంతో శుభ్రంగా, మూలలు పదునుగా ఉండేది. దాన్ని బిల్ మాస్ట్రో అనే డీలర్ 1985లో 25 వేల డాలర్లకి కొన్నాడు. రెండేళ్ళకి 1 లక్షా 10 వేలకి అమ్మాడు. 1991లో సోత్‌బీస్ వేలంలో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, ఆయన జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4 లక్షల 51 వేలకి పాడుకున్నారు. అందుకే దానికి గ్రెట్జ్‌కీ వాగ్నర్ అని పేరు.

సరిగ్గా అదే ఏడాది పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ మొదలైంది. కార్డుని పరీక్షించి, 1 నుంచి 10 దాకా మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి ఇస్తారు, ఆ డబ్బానే మనం స్లాబ్ అంటాం. వాళ్ళు గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు ఈ వాగ్నరే. 8 మార్కులు ఇచ్చారు. ఆ తర్వాత అది చేతులు మారుతూ, ప్రతిసారీ ధర పెరుగుతూ, 2007లో 28 లక్షల డాలర్లకి అరిజోనా డైమండ్‌బ్యాక్స్ జట్టు యజమాని కెన్ కెండ్రిక్ దగ్గరికి చేరింది. ఇన్నేళ్ళూ ఆ అంచుల గురించి గుసగుసలు నడుస్తూనే ఉన్నాయి. చివరికి 2013లో, దొంగ పాటలు పాడించి వేలంలో ధరలు పెంచాడన్న కేసులో నేరం ఒప్పుకుంటూ, మాస్ట్రోనే చెప్పాడు, ఆ వాగ్నర్ కార్డు పక్క అంచులు తానే కోశానని. 2015లో ఆయనకి 20 నెలల జైలు పడింది.

చూశారా, ఈ అభిరుచిలోకెల్లా పేరున్న కార్డు, పేరున్న కంపెనీ ఇచ్చిన మొదటి స్లాబ్, అందులోనే కోసిన అంచు. ఈ కథ విని గ్రేడింగ్ అంతా మోసం అనుకోకండి, నేను కూడా ఖరీదైనవి స్లాబ్‌లో ఉన్నవే కొంటాను, ఇప్పుడు గ్రేడర్లు అప్పటికంటే చాలా జాగ్రత్తగా చూస్తున్నారు. అయితే డబ్బా మీద అంకె చూసి మన కళ్ళు మూసుకోకూడదు, అంతవరకే.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. అందరూ మొదట అడిగేది కొలత. ‘స్కేలు పెట్టి కొలిస్తే తెలిసిపోదా?’ అని. కొలవాలి, తప్పకుండా కొలవాలి. 1957 నుంచి టాప్స్ కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు, అంటే 63.5 బై 88.9 మిల్లీమీటర్లు. 1952 నుంచి 1956 దాకా వచ్చినవి పెద్దవి, 66.7 బై 95.3 దాకా ఉంటాయి. గౌడీ అనే ఇంకో కంపెనీ 1933 కార్డు దాదాపు చదరంగా, 60 బై 73 మిల్లీమీటర్లు ఉంటుంది. టీ206 చిన్నది, 36.5 బై 66.7. ఈ అంకెలు ఫోన్లో రాసి పెట్టుకోండి.

కానీ కొలత మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఎందుకో చెప్తాను. ఆ రోజుల్లో ఫ్యాక్టరీల్లో ఎవరూ వీటిని లక్షల డాలర్ల వస్తువుల్లా కోయలేదు, పిల్లల బబుల్‌గమ్‌తోనో పెద్దవాళ్ళ సిగరెట్లతోనో ఉచితంగా ఇచ్చే ముక్కలు ఇవి. కార్డులన్నీ కలిపి అచ్చేసిన పెద్ద షీటు కోసేటప్పుడు కొంచెం జరిగితే ఒక కార్డు అర మిల్లీమీటరు చిన్నదవుతుంది, పక్కది అర మిల్లీమీటరు పెద్దదవుతుంది. పైగా టీ206లో అమెరికన్ బ్యూటీ అనే సిగరెట్ పేరు వెనక ఉన్న కార్డులు పుట్టుకతోనే వెడల్పు తక్కువ, ఆ పెట్టె సన్నగా ఉండేది కాబట్టి. ఆ సంగతి తెలియనివాడు వాటిని చూసి ‘ఇది కోసేశారు’ అని పారిపోతాడు. తెలిసినవాడు హాయిగా కొనుక్కుంటాడు. 

దీనికి ఎదురు సంగతి ఇంకా ప్రమాదం. ఫ్యాక్టరీలో ఎక్కువ సైజుకి తెగిన కార్డు దొరికిందనుకోండి, దాని అంచు ముప్పావు మిల్లీమీటరు కోసినా ఇంకా పూర్తి కొలత ఉంటుంది. స్కేలు దాన్ని పట్టుకోదు. కార్డులు కోసేవాళ్ళు వెతికేదే అలాంటి పెద్ద సైజు కార్డులని. కాబట్టి కొలత తగ్గితే అనుమానించండి, కొలత సరిపోయిందని మాత్రం నిశ్చింతగా ఉండకండి.

మరి ఏం చూడాలి? నా పద్ధతి ఒక్కటే, మిగతావన్నీ దాని కొమ్మలే. కార్డుకున్న నాలుగు అంచులూ ఒకే రోజు పుట్టాయి, ఒకే జేబులో, ఒకే డబ్బాలో, ఒకే అటక మీద ఇన్నేళ్ళు బతికాయి. కాబట్టి నాలుగింటి వయసూ ఒకేలా కనబడాలి. ఇంటి నాలుగు గోడలకీ సున్నం ఒకేసారి వేసి యాభై ఏళ్ళు వదిలేస్తే నాలుగూ మాసిపోతాయి, అందులో ఒకటి తెల్లగా మెరుస్తోందంటే దానికి మొన్నే వేశారన్నమాట.

దీనికి కావలసిన సామాను తక్కువ. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునేలాంటిది. ఒక చిన్న టేబుల్ లైటు. అదే సెట్టులోని చవక కార్డులు ఒక పదో ఇరవయ్యో, వీటిని కామన్స్ అంటాం. అన్నిటికంటే విలువైన పనిముట్టు ఈ కామన్సే, నా మాట నమ్మండి, భూతద్దం లేకపోయినా పర్వాలేదు గానీ ఇవి లేకుండా తీర్పు చెప్పొద్దు.

లైటుని పైనుంచి కాకుండా పక్కనుంచి, బల్లకి దగ్గరగా పెట్టండి. కార్డుని నిలబెట్టి అంచు మందం మీద వెలుగు జారేట్టు చూడండి. పాత అంచు ఎలా ఉంటుందంటే, కాగితం నారలు కొంచెం పైకి లేచి, మెత్తబడి, దుమ్ము పట్టి, గోధుమరంగులోకో పసుపులోకో తిరిగి ఉంటుంది. కాగితానికి గాలి, వెలుతురు, చేతి తడి తగిలి రంగు మారేది ముందు అంచుల్లోనే. లోపలి భాగం అంతగా మారదు. బ్లేడు పెట్టి కోసినప్పుడు ఆ లోపలి కాగితం బయటపడుతుంది, అందుకే కొత్త అంచు మిగతా మూడింటికంటే తెల్లగా, నున్నగా, ఒక్కోసారి మెరుస్తున్నట్టు ఉంటుంది. 

ఫ్యాక్టరీ కోతకి ఇంకో గుర్తు ఉంది. బరువైన కత్తి కాగితాల కట్ట మీదికి దిగినప్పుడు, కత్తి దిగినవైపు అంచు కొంచెం లోపలికి ఒంగుతుంది, అవతలి వైపు సన్నటి చిగురులాంటి గరుకు మిగులుతుంది. వేలితో తెలియదు, భూతద్దంలో కనిపిస్తుంది. చేత్తో లాగిన బ్లేడు ఆ గుర్తు వదలదు. అయితే ఒక చిక్కుంది, జాగ్రత్తగా వినండి. కొన్ని షీట్లు నిలువుగా ఒక విధంగా, అడ్డంగా ఇంకో విధంగా తెగుతాయి. దానివల్ల పొడుగు అంచులు రెండూ ఒకలా, పొట్టి అంచులు రెండూ ఒకలా కనిపించొచ్చు. అందుకని కుడిని ఎడమతో పోల్చండి, పైదాన్ని కిందిదానితో పోల్చండి. కుడిని పైదానితో పోల్చి కంగారు పడకండి.

గరుకుగా ఉంటే కోసేశారని అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అది తలకిందుల ఆలోచన. ఫ్యాక్టరీలో కత్తి మొద్దుబారితే అంచు చింపినట్టు వస్తుంది. 1970లలో కెనడాలో ఓ-పీ-చీ కంపెనీ కార్డులు చూడండి, పీచు పీచుగా ఉంటాయి, వాటిని తీగతో కోసేవారు. అలాంటి కార్డుకి నాలుగు అంచుల్లో మూడు గరుకుగా ఉండి ఒకటి అద్దంలా ఉంటే, అనుమానించాల్సింది ఆ అద్దం లాంటిదాన్నే.

తర్వాత తిన్నదనం. చేత్తో కోసినప్పుడు గీత ఎంత తిన్నగా వచ్చిందనిపించినా చివర్లో బ్లేడు కొంచెం జారుతుంది. మూల దగ్గర చిన్న కొక్కెంలా తిరగడమో, మధ్యలో లోపలికి పోవడమో జరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికే కామన్స్. (కట్ట చేతిలోకి తీసుకుని) ఇవన్నీ ఒకే ఏడాది టాప్స్. అనుమానం ఉన్న కార్డుని మధ్యలో పెట్టాను. బల్ల మీద నెమ్మదిగా తట్టాను, ఇలా. ఖరీదైన కార్డు అయితే తట్టొద్దు, చేత్తో సర్దండి చాలు. ఇప్పుడు కంటి ఎత్తులో పెట్టి పై అంచు చూడండి. ఇదిగో, ఇక్కడ ఒక కార్డు మధ్యలో లోపలికి పోయి చివర్లలో పైకి లేచింది. కనిపించిందా? బాబూ, నువ్వు చూశావా? ఆ, అదే. ఇలా నాలుగు వైపులా తిప్పి చూడాలి. కార్డు మొత్తం కట్టలోకి దిగిపోయి ఉంటే పొట్టిదన్నమాట, అది ఫ్యాక్టరీ పొట్టి కావొచ్చు, కోసింది కావొచ్చు. ఒకే పక్క వాలుగా దిగినా, వంపు తిరిగినా మాత్రం నాకు ఇక పెద్దగా సందేహం ఉండదు. 

కొంచెం ఆగండి, వాలు అన్నాను కదా, ఫ్యాక్టరీలోనూ షీటు ఏటవాలుగా పోయి కార్డు వంకరగా తెగడం ఉంది. డైమండ్ కట్ అంటారు. దాంట్లో ఎదురెదురు అంచులు రెండూ ఒకే వైపు వాలతాయి, సమాంతరంగానే ఉంటాయి. ట్రిమ్ చేసినదాంట్లో ఒక్క అంచే వాలుతుంది. ఈ తేడా కట్టలో పెడితేనే తెలుస్తుంది.

మూలల సంగతి తేలికే. కార్డు చేతిలో పట్టుకోగానే అడగండి, ఈ మూలలకీ ఈ ఒంటికీ పొంతన ఉందా అని. బొమ్మ మీద గీతలు, వెనక మరకలు, మధ్యలో మడత, ఎడమ మూలలు రెండూ గుండ్రం, కుడి మూలలు రెండూ సూదుల్లా ఉన్నాయంటే కుడి అంచు మీద బ్లేడు నడిచినట్టే. కుడివైపు బోర్డర్ కూడా సన్నబడి ఉంటే చెప్పక్కర్లేదు.

కొన్ని సెట్లకి వాటి సొంత గుణాలున్నాయి. 1971 టాప్స్‌కి నల్ల బోర్డర్, చిన్న దెబ్బ తగిలినా తెల్లగా పెచ్చు లేస్తుంది. 1911 నాటి టీ205కి బంగారు రంగు బోర్డర్, అదీ అంతే, అంచుల్లో పెచ్చులు పోకుండా మిగిలింది అరుదు. ఈ రెండు సెట్లలో అంచు మరీ కత్తిలా ఉంటే, సంతోషపడే ముందు రెండుసార్లు చూడండి. నల్ల బోర్డర్ మీద మార్కర్ పెన్నుతో రంగు పూసేవాళ్ళూ ఉన్నారు, దానికి బ్లాక్‌లైట్, అంటే అతినీలలోహిత కాంతినిచ్చే లైటు, పనికొస్తుంది. ట్రిమ్మింగ్‌కి బ్లాక్‌లైట్ పెద్దగా సాయపడదు, దాని పని వేరే, పూసిన రంగులు, కొత్త కాగితం మీద అచ్చేసిన నకళ్ళు పట్టుకోవడం. దాన్ని కొని అన్నిటికీ మందు అనుకోకండి.

కొత్తగా కోసిన అంచుని పాతగా చూపించడానికి టీ డికాషనో, మట్టో రాసేవాళ్ళుంటారు. నిజమైన ముసలితనం ఒకలా పాకదు, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. పూసినది ఆ అంచు పొడుగునా సమానంగా ఉంటుంది, బోర్డర్ మీదికి సన్నగా పారి కూడా కనిపిస్తుంది.

చేత్తో కోసినవన్నీ పాపం కాదు, ఈ మాట మర్చిపోయేవాణ్ణి. 1961 నుంచి 1963 దాకా పోస్ట్ కంపెనీ సీరియల్ డబ్బాల వెనక కార్డులు అచ్చేసింది, 1975 నుంచి 1979 దాకా హోస్టెస్ కేకుల డబ్బాల మీద వచ్చాయి. వాటిని పిల్లలే ఇంట్లో కత్తెరతో కోసుకున్నారు. వాటికి ఫ్యాక్టరీ అంచు అనేదే లేదు, అచ్చు గీతలు నాలుగూ మిగిలాయా లేదా అన్నదే చూస్తారు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: స్లాబ్‌లో ఉన్నదాన్ని ఇవన్నీ ఎలా చేస్తామండీ?)

చెయ్యలేమండీ, సగం దాక్కుంటుంది. కట్టలో పెట్టలేం, అంచు మందం సరిగ్గా కనిపించదు. కానీ మూలల పొంతన చూడొచ్చు, అంచు తిన్నగా ఉందో లేదో పారదర్శకమైన స్కేలు పైన ఆనించి చూడొచ్చు. పాత స్లాబ్ అయితే, పెద్ద మొత్తం అయితే, మళ్ళీ గ్రేడింగ్‌కి పంపి పాసైతేనే కొంటానని అమ్మేవాళ్ళతో మాట్లాడుకోండి. ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. ఆన్‌లైన్లో స్లాబ్ లేకుండా అమ్ముతుంటే స్కాన్ నమ్మొద్దు, స్కానర్ కార్డుని చదునుగా చూపిస్తుంది, అంచు మందం అసలు చూపించదు. పక్కనుంచి వెలుగు వేసి నాలుగు అంచుల ఫోటోలు పంపమనండి. మూడు పంపి నాలుగోది పంపకపోతే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. (నవ్వులు)

(ఒక అబ్బాయి: అంకుల్, నేను పంపిన కార్డు ‘మినిమమ్ సైజు’ అని గ్రేడ్ ఇవ్వకుండా వెనక్కి పంపారు. అంటే ట్రిమ్ చేశారనేనా?)

కాదు నాన్నా. మంచి ప్రశ్న. ట్రిమ్ చేసినట్టు ఆధారం కనిపించిందని చెప్పడం ఒకటి, కొలత తక్కువగా ఉందని చెప్పడం ఇంకొకటి, రెండూ వేరే వేరే కారణాలుగా రాస్తారు. నీ కార్డు ఫ్యాక్టరీలోనే పొట్టిగా తెగి ఉండొచ్చు. తీసుకురా, కట్టలో పెట్టి చూద్దాం. నాలుగు అంచుల వయసూ ఒకటే అయితే దిగులు పడకు, ఆల్బమ్‌లో పెట్టుకో.

(ఒక శ్రోత: కొన్నాక ట్రిమ్ అని తెలిస్తే ఏం చేయాలండీ? పారేయాలా?)

అయ్యో, పారేయకండి. ముందు అమ్మినవాళ్ళని డబ్బు వెనక్కి అడగండి, కార్డుల షోలో పరువున్న డీలర్ చాలావరకు ఇచ్చేస్తాడు. అది కుదరకపోతే గ్రేడింగ్ కంపెనీకి పంపి, అంకె లేకుండా ‘అథెంటిక్, ఆల్టర్డ్’ అని లేబుల్ వేయించుకోవచ్చు. కార్డు అసలైనదే, మార్పు చేశారు అని దానర్థం. టీ206లో పెద్ద ఆటగాళ్ళ కార్డులు, టై కాబ్ లాంటివాళ్ళవి, అలా ఉన్నా కొనేవాళ్ళున్నారు, శుభ్రమైనది కొనే స్తోమత లేనివాళ్ళకి అదే దారి, నా దగ్గరా అలాంటివి ఉన్నాయి, ఇష్టంగానే పెట్టుకున్నాను. నా కార్డు అంచు నేను కోసుకుంటే అది నేరం కాదు. కోశానని తెలిసీ చెప్పకుండా ఇంకొకరికి అంటగడితేనే మోసం. కాబట్టి అమ్మేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోకండి, రసీదు మీద ‘ఈ అంచు ట్రిమ్ చేసినది’ అని రాసి, ఏ అంచో కూడా రాసి, ఒక ఫోటో తీసి పెట్టుకోండి.